విండమ్ అనాలి

ఇంగ్లండులోని మా విండమ్‌లో సంత మలుపు దగ్గరున్న బల్ల మీద మురియల్ లార్టర్ రోజూ కూర్చుంటుంది. ఉన్ని టోపీ, ఒళ్లో టీ ఫ్లాస్కు, చెవులు మాత్రం దారి మీద. ఊరి బోర్డు మీద ఇంగ్లిషులో రాసిన పేరును అక్షరం అక్షరం చదివి ఎవరైనా ‘వైమండ్‌హామ్’ అన్నారో, గొడుగుతో నేల మీద టక్కున కొడుతుంది. “విండమ్ నాయనా, విండమ్! విగ్మండ్ అనే ఆసామి ఉన్న ఊరిది. ఆయన పోతూ పోతూ మధ్య అక్షరాలు పట్టుకుపోయాడు” అంటుంది. రాసింది రాసినట్టు పలికితే ఆవిడకు ఊరిని తిట్టినట్టే.

మొన్న ఆవిడ భర్త సిరిల్ ఆపిల్ చెట్టుకు వేసిన నిచ్చెన మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. పక్కింట్లోంచి నేను పరుగెత్తేసరికి మురియల్ అంబులెన్సుకు ఫోన్ చేస్తోంది.

“విండమా? ఆ పేరుతో ఊరు కనిపించట్లేదండీ” అంది అవతలి అమ్మాయి.

“సరిగ్గా చూడమ్మా!”

“పోనీ, అక్షరాలు చెప్పండి.”

కంగారులో ఆవిడకు మొదటి అక్షరం తర్వాత ఏముందో గుర్తురాలేదు. మురియల్ పాలిపోయిన మొగుడి ముఖం చూసింది. కళ్లు గట్టిగా మూసుకుని, చేదు మందు మింగినట్టు, “వై... మండ్... హామ్” అంది.

“ఆఁ, దొరికిందండీ!”

అంబులెన్సు వచ్చాక, స్ట్రెచర్ మీద సిరిల్ నొప్పితో మూలుగుతూనే నావైపు చూసి నవ్వాడు. “విన్నావా? ఇన్నేళ్ల కాపురంలో నేనంటే ఇష్టమని ఒక్కసారీ అనలేదు. ఇవాళ అనేసింది.”

“ఊళ్లో ఎవరికైనా చెప్పావంటే రెండో కాలు నేను విరగ్గొడతా” అంటూ మురియల్ అతని చెయ్యి పట్టుకుని అంబులెన్సెక్కింది.