ఫోటో వెనక నేను పెట్టిన ఓడ

2023 వానాకాలం. ఇనుప గనుల ఊరు కిరండూల్ బజారులో నేను ఫోటో స్టూడియో తెరిచి అప్పటికి ఇరవై రెండేళ్లు. మా నాన్న విజయనగరం వైపు నుంచి గ్యాంగ్‌మన్‌గా ఈ రైల్వే లైనుకొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. లెన్సుల మీద పడే ఖనిజం దుమ్ము తుడవడంలోనే నా సగం జీవితం అయిపోయింది. మా దగ్గరికొచ్చేవాళ్లలో ఎక్కువమందికి గని గేట్ పాస్ కోసమో, ఏదో ఫారం కోసమో చిన్న ఫోటో కావాలి. వాళ్ల కోసం గోడకు ఒక నల్లకోటు తగిలించి ఉంటుంది. అది ఎవరికీ సరిపోదు, అయినా అందరూ వేసుకుంటారు.

మా పనిలో మిక్సింగ్ అని ఒకటుంది. విడివిడిగా దిగిన ఇద్దరిని పక్కపక్కన నిలబడినట్టు కలిపేయడం. ఇద్దరిలో ఒకరు పోయాక, కలిసి దిగిన ఫోటో ఒక్కటీ లేదని గుర్తొచ్చినవాళ్లు వచ్చి అడుగుతుంటారు. బతికున్న ఇద్దరికి మిక్సింగ్ చేయమని ఆ రోజు మేరీ రత్నం అడిగింది.

రత్నం రైల్వే క్వార్టర్స్ దగ్గర లేడీస్ టైలర్. నలభై దాటినా పెళ్లి చేసుకోలేదు. తక్కువగా మాట్లాడే మనిషి, ఆ రోజు మాత్రం మొహం వెలిగిపోతోంది.

"పాస్టర్ గారికి చూపించాలన్నయ్యా. వచ్చే ఆదివారం చర్చిలో మా పెళ్లి ప్రకటన చదువుతారు. తన ఫోటో ఎవరికీ చూపించొద్దని, మా సంగతి ఎవరికీ చెప్పొద్దని పెళ్లికొడుకు మరీ మరీ చెప్పారు. ఫోటో లేకుండా ప్రకటన ఎలాగ మరి?"

"ఎవరాయన? ఎక్కడ పరిచయం?"

"ఫోన్‌లో యాప్ ఉంది గదా, పరిచయాలది. ఓడలో ఇంజనీరు. విశాఖపట్నం వచ్చేస్తన్నారు. శనివారం నా షాపు, మిషన్లు వేరేవాళ్లకి అమ్మేసి, ప్రకటన అయ్యాక నేనూ వెళ్లిపోతన్నాను."

ఫోన్ నా చేతికిచ్చింది. అందులో ఆయన ఫోటో ఉంది. ఆ ఫోటో తీసింది నేనే.

నాలుగేళ్ల కిందట గేట్ పాస్ కోసం వచ్చిన ఒక కాంట్రాక్టు కూలీ అతను. మంచి కళ ఉన్న మొహం. అప్పట్లో బ్యాక్‌గ్రౌండ్ మార్చడం, అంటే వెనకున్న గుడ్డ తీసేసి వేరే దృశ్యం పెట్టడం, కొత్తగా నేర్చుకుని మహా ఉత్సాహంగా ఉన్నాను. అతని వెనక సముద్రం పెట్టాను, ఒక ఓడ పెట్టాను, మొహానికి కాస్త తెలుపు పూశాను. చూసుకుని మురిసిపోయి, అతన్ని ఒక్కమాటైనా అడగకుండా నెట్‌లోని మా స్టూడియో పేజీలో నమూనాగా పెట్టేశాను. ఎక్కడో కూర్చున్న మోసగాడు దాన్ని ఎత్తుకుపోయాడు. ఓడ ఇంజనీరు అనే కథ కూడా వాడు కొత్తగా కట్టలేదు, నేనే సగం కట్టి ఇచ్చాను.

"వీడియో కాల్‌లో ఎప్పుడైనా చూశావా?" అని అడిగాను.

"ఓడలో సిగ్నల్ ఉండదంట."

పరిచయమైన రెండో రోజుకే యాప్ వదిలేసి వాట్సాప్‌కి రమ్మన్నాడట. వారంలో పెళ్లి మాట. నెల తిరగకుండా తన సామాను కస్టమ్స్‌లో ఇరుక్కుందని, విడిపించుకోడానికి డబ్బు సాయం చేయమన్నాడట. ఒకసారి పంపింది. ఎంతని నేను అడగలేదు. ఇంకోసారి పంపడానికే మిషన్లు అమ్ముతోంది.

కంప్యూటర్‌లో అసలు ఫోటో తెరిచి చూపించాను. అదే మనిషి, అదే మా నల్లకోటు, వెనక మాత్రం ఓడ లేదు, నీలం గుడ్డ. రత్నం దగ్గరికి వంగి చూసింది. తర్వాత లేచి గోడ మీద కోటు దగ్గరికెళ్లి రెండో బొత్తాం పట్టుకుంది. మిగతావి నలుపు, అదొక్కటే గోధుమ రంగు, ఫోటోలోనూ అంతే.

"ఈ బొత్తాం నేను కుట్టిందే. నల్లది దొరక్క ఇది వేశాను. ఇన్నాళ్లు మొహమే చూశానన్నయ్యా, కోటు చూడనేదు."

ఇక అర్థమైపోయింది అనుకున్నాను. ఆమె మాత్రం నావైపు తిరిగి, "అయితే ఆయన ఇక్కడికొచ్చారన్నమాట. నిజంగా ఉన్న మనిషే గదా" అంది. కళ్లలో అంత ఆశ. నేను చూపించిన రుజువు ఆమె నమ్మకాన్ని ఇంకాస్త పెంచింది.

పాత ఆర్డరు పుస్తకాలు తిరగేస్తే అతని నంబరు దొరికింది. ఉసూర్ వైపు పల్లె, పేరు లక్ష్మయ్య. నాలుగోసారికి వీడియో కాల్ కలిసింది. ఎండకు నల్లబడ్డ మొహం, చంకలో పిల్ల. సంగతి చెప్పాను.

"ఏందన్నా, నా మొఖంతోనా?" అన్నాడు. ఫోన్ రత్నానికి ఇచ్చాను. అతను ఆమె వైపు చూశాడు. "అక్కా, నేను నిన్నెన్నడూ చూడలే. ఓడ గూడ చూడలే. నా మీద కేసయితదా? పోలీసులు మా ఊరికొస్తరా?"

"రారు తమ్ముడూ. నువ్వేం చేయనేదు" అంది రత్నం. ఫోన్ నాకిచ్చి, గోడ మీది కోటు భుజాలు సర్ది, కుర్చీలో కూర్చుంది.

మిషన్లు దక్కాయి. సైబర్ పోలీసులకు ఫిర్యాదు రాసిచ్చాం. పోయిన డబ్బు రాలేదు. ప్రకటన ఆగిపోయిన సంగతి మాత్రం క్వార్టర్స్ అంతా పాకింది. చాలా ఆదివారాలు ఆమె చర్చికి వెళ్లలేదని విన్నాను.

లక్ష్మయ్యతో మాట్లాడిన రాత్రే పేజీలో ఉన్న మొహాలన్నీ తీసేశాను. ఎవరైనా చూడని మనిషితో మిక్సింగ్ అడిగితే ఇప్పుడు ముందు ఒక మాట చెబుతాను. ఈరోజే వీడియోలోకి రమ్మనండి, వీడియోలోనూ మొహం మార్చేవాళ్లున్నారు కాబట్టి అటూ ఇటూ తిప్పమనండి, రానంటే ఆ ఫోటో ఎవరిదో వెతకండి. ఫోటో ఇంకెక్కడెక్కడ ఉందో నెట్‌లో వెతికిచ్చే సదుపాయం ఉంది, ఇమేజ్ సెర్చ్ అంటారు, నేనే చేసిపెడతాను. ఎవరికీ చెప్పొద్దు అన్నవాడి సంగతి మరునాడే నలుగురికీ చెప్పమంటాను. రత్నం వాడు చెప్పిన ఆ ఒక్క మాట వినకపోవడం వల్లే షాపు మిగిలింది.

ఆరు నెలలకు ఏదో ఫారం కోసం ఆమె మళ్లీ వచ్చింది. వెనక ఏ రంగు పెట్టమంటావని అడిగితే, "తెల్లది చాలన్నయ్యా" అంది. ఫోటోలు కత్తిరిస్తుంటే మెల్లగా అడిగింది.

"వాడు చెప్పినవన్నీ అబద్ధాలే. నేను చెప్పుకున్నవి మాత్రం నిజమే గదన్నయ్యా. అమ్మ పోయిన రోజు సంగతి, నాకు భయమేసే సంగతులు, అన్నీ వాడికి రాసి పంపాను. అవన్నీ ఇప్పుడు ఎవరి దగ్గరున్నట్టు?"

కవరులో ఫోటోలు పెట్టి ఇచ్చాను.