కబ్ద్ తోటలో ఏడు దెబ్బల పాట

కరోనా ఆంక్షలు ఎత్తేశాక వచ్చిన రెండో చలికాలంలో, కువైట్‌లోని కబ్ద్ ఎడారి తోటల్లో ఒక కుటుంబం చేసుకున్న వేడుకకు నన్ను సౌండ్ ఇంజనీరుగా పంపారు. నా ఉద్యోగంలో అదే చివరి సీజను. అక్కడ చలికాలాన్ని మేము సీజను అంటాం. ఆరుబయట కచేరీ పెట్టుకోవడానికి వీలయ్యేది అప్పుడే.

మాది స్పీకర్లు, లైట్లు, స్టేజీలు అద్దెకిచ్చే కంపెనీ. గోదాము అమ్ఘరాలో, తుక్కు ఇనుము యార్డుల మధ్య ఉండేది. నేను ప్రొద్దుటూరు నుంచి హెల్పరుగా వెళ్లాను. కొన్నేళ్లు పెట్టెలు మోశాను, ఆ పైన కేబుళ్లు చూసే టెక్నీషియన్నయ్యాను, చివరికి సౌండ్ మిక్సరు ముందు కుర్చీ దొరికింది. ఇఖామాలో, అంటే అక్కడి నివాస కార్డులో, మాత్రం ఆఖరి రోజు దాకా ఎలక్ట్రీషియన్ అనే ఉండేది. స్టేజీకి ఎదురుగా, జనం వెనకాల కూర్చుని, ఒక్కో వాయిద్యం ఒక్కో చానల్లో వస్తుంటే దేన్ని ఎంత వినిపించాలో చూసుకోవడం ఇంజనీరు పని. పని బాగా జరిగితే అక్కడ ఒక మనిషి ఉన్నాడని ఎవరికీ తెలియదు. స్పీకర్లలో కీమని కూత వచ్చిందంటే అందరూ వెనక్కి తిరిగి మన ముఖమే చూస్తారు.

ఆ రోజు వాయించవలసింది గుబార్ అనే బ్యాండు. గుబార్ అంటే అరబ్బీలో దుమ్ము. ప్రోగ్రెసివ్ రాక్ వాయించేవాళ్లు. అందులో ఒక్కో పాట పావుగంట సాగుతుంది, నడుమ తాళం మారుతుంది, ఎక్కడ ముగుస్తుందో కొత్తవారికి అంతుపట్టదు. మన కచేరీల్లో మనోధర్మం అంటామే, అలా ప్రతి కార్యక్రమంలోనూ ఒక పాట మధ్యలో రాసుకున్నది వదిలేసి అప్పటికప్పుడు కల్పించి వాయించేవారు. వాటిలో నాకు బాగా నచ్చినవి కొన్ని ఉన్నాయి. ఒకసారి సాల్మియాలో హాలు వెనక నీళ్ల ట్యాంకరు రివర్సు తీసుకుంటూ కీక్ కీక్‌మని మొదలుపెట్టింది. కీబోర్డు వాయించే రామీ ఆ కూతనే శ్రుతిగా పట్టుకున్నాడు, మిగిలినవాళ్లు వెంట నడిచారు. ట్యాంకరు వెళ్లిపోయాక కూడా అది అక్కడే ఉన్నట్టు వాయిస్తూనే ఉన్నారు. ఇంకోసారి తాళం మధ్యలో ఉండగా అజాన్ వినిపించింది. అక్కడ అజాన్ వేళ సంగీతం ఆపాలి. అందరూ చేతులు ఎక్కడివక్కడ దించి నిలబడ్డారు. అది ముగియగానే, ఆపిన దెబ్బకు తరువాతి దెబ్బ నుంచి, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా అందుకున్నారు. ఆ రెండింటినీ మించినది కబ్ద్‌లో జరిగింది. దాంట్లో నా గొంతు కూడా ఉంది, నన్ను అడక్కుండానే.

డ్రమ్ములు వాయించే ఫహద్ మా కంపెనీ యజమానికి మేనల్లుడు. కబ్ద్ తోట ఫహద్ తల్లిది. సబా అల్ సలేంలో ఆమె ఇల్లు. ఇంట్లో పనిచేసేవాళ్లు ఆమెను మామా అంటారు, మేమూ అలాగే అనేవాళ్లం. చదువు పూర్తయిన కొడుకు వాళ్ల సిమెంటు వ్యాపారం చూసుకోవాలని ఆమె కోరిక. మేడ మీద గదిలో ఉన్న డ్రమ్ములు ఆమెకు తలనొప్పి. ఒక్కసారి చుట్టాలందరి ముందూ వాయించు, వింటాను, ఆ తరువాత అవి ఇంట్లో ఉండాలో పోవాలో నేనే చెబుతానని కొడుకుతో అన్నదట. ఈ సంగతి నాతో ఫహదే చెప్పాడు.

మధ్యాహ్నం సౌండ్ చెక్ మొదలుపెట్టేసరికి మామా పంపిన అలంకరణవాళ్లు దిగారు. స్పీకర్లు నల్లగా దయ్యాల్లా ఉన్నాయని, వాటిని పూలతో పూర్తిగా కప్పేయాలని ఆమె ఆజ్ఞ. స్పీకరు ముందు అంత దట్టంగా పూలు కడితే, డ్రమ్ముల మీది కంచు తాళాల మోత, తీగల గలగల వంటి సన్నని ధ్వనులు అక్కడే ఆగిపోతాయి. వినేవారికి దుప్పటి కప్పుకున్నట్టుంటుంది. మా ఆపరేషన్స్ మేనేజరు ఖాజా సాబ్‌కు చెప్పాను. ఆయన హైదరాబాదువాడు. "మామా చెప్పింది, ఖలాస్. పూలతోని నీకేం పంచాయితీ?" అన్నాడు.

స్టేజీ పక్క స్పీకరు దగ్గర రాయచోటి మస్తాను నిచ్చెనెక్కి ఉన్నాడు. స్టేజీ పనుల్లో నాకు ఎన్నో సీజన్లు తోడున్నవాడు. అంత దూరం అరవలేక టాక్‌బ్యాక్ అందుకున్నాను. మిక్సరు దగ్గరి మైకులో మాట్లాడితే స్టేజీ మీది వాళ్లకు మాత్రమే వినబడే ఏర్పాటు అది. జనం వైపు స్పీకర్లకు పోదు. అందుకే మేము అందులో కాస్త ధారాళంగా మాట్లాడతాం.

"చెవుల్లో పూలు పెట్టు మస్తానూ, అందరి చెవుల్లో పూలు పెట్టు," అన్నాను. "మామాకు దేవుడు చెవులిచ్చింది కమ్మలు పెట్టుకునేదానికే."

మస్తాను నిచ్చెన పట్టుకుని నవ్వాడు. రామీ కీబోర్డు వెనక నుంచి తలెత్తి, అదేం భాష, మాటలన్నీ డ్రమ్ములా పడుతున్నాయి అని అడిగాడు. రామీ లెబనాన్‌వాడు, తెలుగు ముక్క రాదు. తెలుగు అని చెప్పి ఊరుకున్నాను. టాక్‌బ్యాక్ అతని చెవిలోని ఇయర్‌ఫోనుకూ వెళుతుందని నాకు తెలుసు. ఆ తీగనే తన శాంప్లరుకు కూడా కలిపాడని, అంటే విన్నదాన్ని దాచుకుని మీట నొక్కితే తిరిగి పలికించే పెట్టెకు కలిపాడని, నాకు తెలియదు.

ఎండ వాలాక కచేరీ మొదలైంది. చుట్టాలు మంచి బట్టల్లో, మంచి అత్తర్లతో కూర్చున్నారు. మామా ముందు వరసలో, ఎవరో తెచ్చిన సంబంధానికి పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు కూర్చుంది. మొదటి రెండు పాటలు పూల వెనక నుంచి మూలుగుతూ వచ్చాయి. నేను చేయగలిగిందంతా చేశాను. మామా పక్కావిడతో మాట్లాడుతూనే ఉంది. ఫహద్ తల్లి వైపే చూస్తూ ఒకటి రెండు చోట్ల తడబడ్డాడు.

మూడో పాటలో కల్పన వాయించే చోటు వచ్చింది. అందరూ నెమ్మదించారు. ఆ నిశ్శబ్దంలో, పూలన్నిటినీ దాటుకుని, నా గొంతు పలికింది: "చెవుల్లో పూలు పెట్టు."

నా చేయి దానంతటదే కీబోర్డు చానల్ మీదికి వెళ్లింది. మీట నొక్కితే ఆ చానల్ మూగబోతుంది. కానీ రామీ వాయించేదంతా ఆ ఒక్క చానల్లోనే వస్తుంది. నొక్కితే పాట కుప్పకూలుతుంది, కొడుకు తప్పు వాయించాడని తల్లి అనుకుంటుంది. చేయి అక్కడే ఉంచి ఆగాను.

రామీ మళ్లీ నొక్కాడు. చె-వు-ల్లో-పూ-లు-పె-ట్టు. సరిగ్గా ఏడక్షరాలు. మనవాళ్లు మిశ్రచాపు అంటారే, ఆ నడక. ఫహద్ తల ఎత్తాడు. ఏడు దెబ్బలు అందుకున్నాడు, చివరి "పెట్టు" దగ్గర రెండు దెబ్బలూ గట్టిగా వేశాడు. బేస్ గిటారు కింది నుంచి కలిసింది. అప్పటిదాకా పరీక్ష రాస్తున్నట్టున్న కుర్రవాడు తల్లి వైపు చూడటం మానేసి వాయించడం మొదలుపెట్టాడు. నిజం చెప్పాలంటే చాలా బాగుంది. నాకు చెమటలు పడుతున్నా బాగుందని తెలుస్తూనే ఉంది.

టీ, ఖర్జూరాలు పంచే చోట పనివాళ్లలో పుల్లంపేట ఆదెమ్మ ఉంది, మామా ఇంట్లో పనిచేసే మనిషి. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ట్రే కింద పెట్టేసింది. ఆమె భుజాలు ఊగడం నాకు అంత దూరానికీ కనబడింది.

మాట రెండో సగం కూడా ఆ పెట్టెలో ఉంటుందని అప్పుడు తట్టింది. ఆపమని చెప్పడానికి టాక్‌బ్యాక్ పట్టుకున్నాను. ఇంగ్లీషులో చెప్పవలసింది, కంగారులో తెలుగే వచ్చింది. "వద్దు వద్దు వద్దు," అన్నాను. రామీ నా వైపు చూసి ఎంతో సంతోషంగా తల ఊపాడు. మరుక్షణం స్పీకర్లలోంచి "వద్దు వద్దు వద్దు" అని వచ్చింది, గిటారు దాన్ని పట్టుకుంది. అతనికి కొత్త సరుకు అందించానని అర్థమైంది. ఆ వెంటనే రెండో సగం కూడా వచ్చింది, "మామాకు" దగ్గర మొదలై కమ్మల దాకా, ఒక్క అక్షరం పోకుండా.

మామా అన్న మాట ఆ తోటలో అందరికీ తెలిసినదే. పక్కావిడతో కబుర్లు ఆగిపోయాయి. పాట ముగియగానే చుట్టాలు చప్పట్లు కొడుతుంటే మామా వేలితో ఆదెమ్మను పిలిచింది, ఆ తరువాత నన్ను. ఖాజా సాబ్ నా పక్కనే నడుస్తూ, "ఏందివయా ఇది? నౌకరీ మీద ఆశ లేదా నీకు?" అన్నాడు. ఆయనకు తెలుగు వచ్చు కదా.

తన గురించి నేనేమన్నానో చెప్పమని మామా ఆదెమ్మను అరబ్బీలో అడిగింది. ఆదెమ్మ కొంగు సర్దుకుంది. ముఖంలో నవ్వు జాడ కూడా లేదు. వచ్చిన చుట్టాలకు పూలు పెట్టమంటున్నాడు మామా, అని మొదలుపెట్టింది. మా అందరి చెవులూ పూలకే సరిపోతాయట, నీ చెవులు మాత్రం దేవుడు నగల కోసమే చేశాడట అన్నది. నేను నేల చూశాను. ఆమె పెద్దగా మార్చిందేమీ లేదు. అన్న మాటలే, కాస్త వంపు తిప్పింది.

మరి వద్దు వద్దు ఏమిటని మామా అడిగింది. ఆదెమ్మ, పాట ఆపొద్దంటున్నాడు మామా అన్నది. ఖాజా సాబ్‌కు దగ్గు వచ్చింది.

మామా తన కమ్మలు ఒకసారి తడుముకుంది. నన్ను పైనుంచి కింది దాకా చూసింది. ఆ పైన మంచి కడప యాసలో, అక్కడక్కడ అరబ్బీ పలుకుబడితో, నాతోనే మాట్లాడింది.

"స్పీకర్ల మీద పూలు తీసెయ్యి అబ్బీ. తీసి నీ చెవుల్లో పెట్టుకో. మల్లా వాయించమను. యల్లా."

మస్తాను చేత పూలు ఊడదీయించాను. ఆదెమ్మ రెండు పెద్ద గులాబీలు తెచ్చి ఇచ్చింది. ఆమెను పక్కకు పిలిచి, మామాకు తెలుగు వస్తుందని ముందే చెప్పొద్దా అని అడిగాను.

"రాకేమన్నా. ఫహద్ పుట్టకముందు నుంచీ ఆ ఇంట్లో పనికుండేది మనూరోళ్లే. మేము ఏమనుకుంటాండామో ఇనేదానికే నేర్చుకునింది."

"మరి నిన్నెందుకు అడిగింది?"

"నేనేం చెప్తానో చూద్దామని. ఆమెకూ పొద్దుపోవద్దా?"

చెవికో గులాబీ పెట్టుకుని మిక్సరు ముందు కూర్చున్నాను. పూలు పోయిన స్పీకర్లు తాళాల మోతను శుభ్రంగా పలికాయి. ఈసారి టాక్‌బ్యాక్ కాదు, నా ముందు అసలు మైకే పెట్టించింది మామా. నేను అన్నాను, ఫహద్ వాయించాడు. "మామాకు" దగ్గరికి వచ్చేసరికి ముందు వరస నుంచి మిగతా వాక్యం ఆమే పూర్తి చేసింది, చుట్టాలకు అర్థం కాకపోయినా. డ్రమ్ములు మేడ మీదే ఉంటాయని, పగలు సిమెంటు, సాయంత్రం వాయింపు అని ఆ సాయంత్రమే తేల్చేసింది. ఆ పాటను మాత్రం సగానికి తగ్గించమంది. వాళ్లు తగ్గించలేదు.

తరువాతి కార్యక్రమాల్లో కూడా బ్యాండు అభిమానులు ఆ పాటే అడిగేవారు. అది ఏదో ప్రాచీన మంత్రమని ఒకాయన నాకే వివరించాడు. కాదనలేదు. ఖాజా సాబ్ నా మీద ఫిర్యాదు కాగితం ఏమీ పెట్టలేదు. కాకపోతే నన్ను పిలవవలసి వచ్చినప్పుడల్లా, పూలాయన ఏడి అని అడిగేవాడు.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి ఈ సంఘటన నుంచి చెప్పగలిగింది ఇది. టాక్‌బ్యాక్ ఎవరి చెవుల దాకా పోతుందో, అక్కడి నుంచి ఇంకెక్కడికి పోతుందో కచేరీకి ముందే తీగ తీగా చూసుకోవాలి. మన భాష ఎదుటివారికి రాదని లెక్క వేసుకోకూడదు. స్టేజీ మీద జరగకూడనిది జరిగినప్పుడు చానల్ మూసే ముందు ఒక్క తాళం ఆగి చూడాలి, దాన్ని పాటలో కలుపుకునేవాళ్లు అక్కడ ఉండవచ్చు. నా మటుకు నేను మిగిలిన ఆ కొద్ది నెలలూ మస్తాన్ని తిట్టవలసి వస్తే కుర్చీలోంచి లేచి, స్టేజీ దాకా నడిచి వెళ్లి తిట్టాను. మైదానాలు పెద్దవి. చాలాసార్లు అక్కడికి చేరేసరికి ఎందుకు బయలుదేరానో గుర్తుండేది కాదు.