చెల్లెలి ఇంటర్వ్యూకి నేను బండి కట్టిన పొద్దు

బాగుచేస్తానని ఒక మోటారు బండి మీదికి వంగి, అందులో చెడిపోకుండా మిగిలినవాటిని కూడా నేను చెడగొట్టిన వైనం చెప్పబోతున్నాను. జరిగి చాలా ఏళ్ళయింది. అయినా తలచుకుంటే ఇప్పటికీ నడుము పట్టేస్తుంది. మధ్యలో ఎక్కడైనా ఆగి ఊపిరి తీసుకుంటే మీరేమీ అనుకోకండి.

అరవైల మొదట్లో మాట. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. గూడూరులో అభ్రకం లారీలు రిపేరుకొచ్చే ఒక షెడ్డులో ఏడు నెలలు పనిచేశాను. పనంటే, విప్పిన సామాన్లను కిరసనాయిలులో కడగడం, బండి కింద పడుకున్న మేస్త్రి చెయ్యి చాస్తే అందులో స్పానరు పెట్టడం. తప్పు స్పానరు పెట్టినప్పుడు ఆయన ఏమనేవాడో ఇక్కడ రాయడానికి కుదరదు. ఇంటికి రాసే ఉత్తరాల్లో మాత్రం నేను పూర్తి మెకానిక్కును. ఆ ఉత్తరాలను మా అమ్మ ఆదివారం ఆరాధన అయిపోయాక ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి చదివించేది. అందువల్ల ముత్తుకూరు అవతల మా ఊళ్ళో నేను బస్సు దిగేసరికే నా పేరు నాకంటే ముందొచ్చి మంచమేసుకుని కూర్చుంది.

మా చెల్లెలు రూతమ్మకు నెల్లూరులో ఒక ఆస్పత్రి నుంచి నర్సు ట్రైనింగుకు ఇంటర్వ్యూ కాగితం వచ్చింది. పొద్దున పదకొండు గంటలకు హాజరు కావాలి. అంతకుముందు ఏడాది ఇలాంటి కాగితమే గడువు దాటాక చేరింది. ఈసారి కూడా తప్పిపోతే మనుబోలు సంబంధం ఖాయం చేసేస్తానని అమ్మ తేల్చి చెప్పింది. ఆ పెళ్ళికొడుకు మంచివాడే. కాకపోతే మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళను కాక చూరును చూస్తాడు. రూతమ్మకు జీవితమంతా చూరుతో పోటీపడే ఓపిక లేదు.

ఏడు గంటల బస్సుకు పోతానని రూతమ్మ ముందురోజే అన్నది. నేను ఒప్పుకోలేదు. మా మేనమామ జీవరత్నానికి ఒక పాత పికప్పు వ్యాను ఉండేది. ముందు ఇద్దరు కూర్చోవచ్చు, వెనక తొట్టిలో ఎండుచేపలో నిమ్మకాయలో వేసుకోవచ్చు. మామ ఒక పెళ్ళికి పోతూ తాళంచెవి నా చేతిలో పెట్టిపోయాడు. ఇంట్లో మెకానిక్కు ఉండగా, వ్యాను ఉండగా, తెల్లచీర కట్టుకున్న ఆడపిల్ల బస్సులో గంపల మధ్య నలగడమేమిటని నేను ఉపన్యాసమిచ్చాను. పొద్దున బస్సు మా వాకిట్లో ఆగింది. కండక్టరు తల బయటపెట్టి రమ్మన్నాడు. నేను రెండు వేళ్ళు ఎత్తి, పోవచ్చునని సెలవిచ్చాను. కలెక్టరు కూడా అంత నిదానంగా చెయ్యి ఊపి ఉండడు.

అప్పటికి మూడు రోజులుగా ముసురు. వ్యాను తాటాకు పందిరి కింద ఉంది, పందిరి పేరుకే పందిరి. నేను ఎక్కి సెల్ఫు నొక్కాను. ఇంజను గిర్రున తిరిగింది, అంటుకోలేదు. మళ్ళీ నొక్కాను. మళ్ళీ తిరిగింది. తిరగడానికి దానికేమీ అభ్యంతరం లేదు, పనిచెయ్యడానికే మనసు రాలేదు.

బ్యాటరీ అయిపోయిందని నేను తీర్పు చెప్పాను.

రూతమ్మ అరుగు మీద సర్టిఫికెట్ల సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "బ్యాటరీ అయిపోతే ఇంజను అంత జోరుగా ఎట్లా తిరగతాది అన్నా?" అని మెల్లగా అడిగింది.

ఇది గాయాలకు కట్టు కట్టడం కాదని, మోటారు శాస్త్రమని ఆమెకు చెప్పి, బ్యాటరీ విప్పాను. మొనలు గీకాను. మళ్ళీ బిగించబోతే ఒక నట్టు జారి బురదలో పడింది. దాన్ని వెతకడానికి అరగంట పట్టింది. రూతమ్మ చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని తనూ వెతికింది. చివరికి దొరికింది అమ్మ కాలి కింద. బిగించి సెల్ఫు నొక్కితే ఇంజను ఇంకా జోరుగా తిరిగింది. అంటుకోలేదు.

రెండో తీర్పు, పెట్రోలు రావడం లేదు. పైపు విప్పి నోటితో పీల్చాను. వస్తోంది. పుక్కిలి నిండా వచ్చింది. అందులో కొంత లోపలికి కూడా పోయింది. అమ్మ చెంబెడు మజ్జిగ తెచ్చింది. నేను పందిరి గుంజ పట్టుకుని మజ్జిగా పెట్రోలూ కలిసిన తేన్పులు తేనుస్తుంటే, తొమ్మిది గంటల బస్సు వచ్చింది. రూతమ్మ లేచి నిలబడింది. పది నిమిషాల్లో బయల్దేరుతామని నేను చేత్తో సైగ చేశాను, మాట్లాడితే నోట్లోంచి వాసన వస్తుందని. నా సైగ చూసి ఆమె ఆగింది, బస్సు ఆగలేదు. ఆ పిల్ల నా మీద పెట్టుకున్న నమ్మకం తలచుకుంటే, పెట్రోలు తాగినదానికన్నా అదే ఎక్కువ మండుతుంది.

మూడో తీర్పు, ప్లగ్గులు. ఇంజను నెత్తిన వరసగా నాలుగు ప్లగ్గులుంటాయి. ఒక్కోదానికి ఒక్కో వైరు. ఆ నాలుగు వైర్లూ పక్కనున్న డిస్ట్రిబ్యూటరు మీది నల్లమూతలోంచి వస్తాయి. నేను ప్లగ్గుల మీది వైర్లు నాలుగూ ఒక్క ఊపున పీకాను, గడ్డి పీకినట్టు. ప్లగ్గులు విప్పి, తుడిచి, బిగించి, ఏ వైరు చేతికొస్తే అది దగ్గరున్న ప్లగ్గుకు తగిలించాను. ఒకటి అందకపోతే లాగి లాగి అందించాను. సెల్ఫు నొక్కితే ఇప్పుడు ఇంజను మూలుగుతూ తిరిగింది. పొద్దున్నుంచీ నొక్కీ నొక్కీ, లేని జబ్బును బ్యాటరీకి నిజంగానే తెప్పించాను.

నేను చేతులు కడుక్కోవడానికి దొడ్లోకి పోయాను. కడుక్కోవడమన్నది సాకు. కాసేపు ఎవరూ చూడని చోట నిలబడాలనిపించింది. నెల్లూరుకు పదిహేను మైళ్ళు. నడిచి చేరే దూరం కాదు, అడిగితే ఎడ్లబండి ఇస్తారు గానీ అది సాయంత్రానికి చేరుతుంది. షెడ్డులో మేస్త్రి ఇలాంటప్పుడు ముందేం చూసేవాడో గుర్తు తెచ్చుకుందామని కళ్ళు మూసుకున్నాను. ఆయన కాళ్ళూ, చాచిన చెయ్యీ తప్ప నాకేమీ గుర్తు రాలేదు. నేనెప్పుడూ చూసింది అవే కదా.

తిరిగొచ్చేసరికి రూతమ్మ ఇంజను మీదికి వంగి ఉంది. నల్లమూతకు అటూ ఇటూ ఉన్న రెండు క్లిప్పులు ఊడదీసి, వైర్లు కదపకుండా మూత ఒక్కటే తిరగేసి చూస్తోంది.

"లోపలంతా చెమట పట్టినట్టు నీళ్ళున్నాయన్నా. కరెంటు నీళ్ళలో పడి పోతా ఉందేమో," అన్నది.

అదేమీ కాదన్నాను. ఆమె వినలేదు. ఇంటర్వ్యూ కోసం మడతపెట్టి దాచుకున్న చేతిరుమాలుతో మూత లోపలంతా తుడిచింది. అమ్మ పొయ్యి దగ్గర వెచ్చబెట్టిన గుడ్డ ఇంకొకటి తెచ్చిచ్చింది. మూత మళ్ళీ బిగించారు. బ్యాటరీ నీరసించింది కాబట్టి నేను ముందుకు పోయి ఇనప హ్యాండిలు పెట్టి తిప్పాను.

ఫిరంగి పేలినట్టు పేలింది. హ్యాండిలు ఎదురు తిరిగి నా కుడి మణికట్టును కొట్టి, భుజం దాకా కుదిపేసింది. నేను బురదలో కూర్చున్నాను. పక్కింటి ముసలమ్మ వచ్చి ఎవరు పోయారని అడిగింది.

ఇన్నాళ్ళకు ఒప్పుకుంటున్నాను, ఆ పేలుడుకు నిజానికి సంతోషించాలి. మూత ఆరి, ప్లగ్గుల్లో నిప్పురవ్వ పుట్టిందన్నమాట. నేను మాత్రం చెల్లెలి మీద విరుచుకుపడ్డాను. మూత ముట్టుకుని అంతా పాడుచేసినావన్నాను. రూతమ్మ నా మణికట్టుకు తడిగుడ్డ చుడుతూ, ఒక్కటే అడిగింది.

"పీకేటప్పుడు ఏ వైరు దేనిదో గుర్తు పెట్టుకున్నావా అన్నా?"

నేను పెట్టుకోలేదు. చెయ్యి నొప్పి ఎక్కువైనట్టు మొహం పెట్టాను.

ఆమె ప్లగ్గుల మీదికి వంగింది. వైర్లన్నీ ఊడదీసి వాటంతట వాటిని వదిలేసింది. ఏళ్ళ తరబడి ఒకే చోట ఉన్నవి కావడంతో దేని వంపు దానికుంది, దేని పొడవు దానికుంది. పొట్టిది దగ్గరి ప్లగ్గు మీదికి, పొడుగుది చివరిదాని మీదికి వాలాయి. మధ్యవి రెండూ కూడా వాటి చోటు అవే చూపించాయి. నేను లాగి లాగి అందించిన వైరు, పాపం, అసలు దగ్గరి ప్లగ్గుది. "ఇది అంత దూరానికి చాలదు కదన్నా," అన్నది రూతమ్మ, జ్వరమొచ్చిన పిల్లవాడితో మాట్లాడినట్టు.

ఎడమచేత్తో హ్యాండిలు తిప్పాను. మొదటి తిప్పుకే ఇంజను అంటుకుంది.

నెల్లూరు చేరేసరికి పన్నెండు దాటింది. దారంతా ఆమె సంచీ గట్టిగా పట్టుకుని కూర్చుంది. తెల్లచీర మీద మోకాలి దగ్గర అరచెయ్యంత నల్లమరక. నేను ఏదో ఒకటి అనాలని రెండుసార్లు నోరు తెరిచాను, పెట్రోలు తేన్పు వస్తే మూసేశాను. ఆస్పత్రి బంట్రోతు ఆమెను లోపలికి పంపించాడు, నన్ను మాత్రం వాసన చూసి వరండా చివరి బెంచీ చూపించాడు. అక్కడ కూర్చుని నేను ప్రార్థన చేశాను. మనుబోలు పెళ్ళికొడుకు మంచి గుణాలు ఒక్కొక్కటిగా గుర్తు చేసుకుని, వాటిలో ఒక్కటీ చెల్లెలికి ప్రాప్తించకుండా చూడమని వేడుకున్నాను.

అరగంటకు రూతమ్మతోపాటు మేట్రన్ గారు కూడా బయటికొచ్చారు. నెరిసిన జుట్టు, కళ్ళద్దాలు, తెలుగావిడే. ఆలస్యమెందుకయింది, ఆ మరకేమిటి అని అడిగితే మా చెల్లెలు ఉన్నదున్నట్టు చెప్పేసిందట. ఆవిడ నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూశారు. కట్టు కట్టిన మణికట్టు చూశారు.

"జబ్బేంటో తెలుసుకోకుండానే మూడు చోట్ల కోసినావంట," అన్నారు. "నువ్వు ఆస్పత్రుల వైపు రాకుండా మోటార్ల వైపు పోవడం దేవుడి దయ నాయనా. మోటారు చస్తే ఏడ్చేవాళ్ళుండరు."

తర్వాత రూతమ్మ వైపు తిరిగి, ఒకటో తేదీన పెట్టె సర్దుకుని రమ్మన్నారు.

రూతమ్మ నవ్వడం ఆ రోజు అప్పుడే చూశాను. మేట్రన్ గారి మాటకు నవ్విందో, సీటు వచ్చినందుకు నవ్విందో నేను అడగలేదు. కొన్ని తీర్పులు చెప్పకుండా వదిలెయ్యడం మంచిదని అప్పటికే నేర్చుకున్నాను.

ఇదంతా విన్న మీ ఎదుట, కుడిచెయ్యి ఎత్తి, ఆనాటి హ్యాండిలు దెబ్బకు అది పూర్తిగా పైకి లేవదు కాబట్టి లేచినంతవరకు ఎత్తి, ప్రమాణం చేస్తున్నాను. నా శరీరంలో ప్రాణమున్నంతవరకు ఏ బండికీ జబ్బేమిటో చెప్పను. అది దారి మధ్యలో ఆగిపోతే నోరు మూసుకుని దిగుతాను, చెప్పులు చేత పట్టుకుంటాను, నడుస్తాను.