బొబ్బల మేస్త్రి వేసిన కర్ర నేల

"ఏటే, ఆ పిల్లకి సెప్పు. గుడ్డ పిండి తుడమను. నేలంతా నీళ్ళు సేసీసింది."

"అది టైల్సు మావా. కర్ర కాదు."

"టైల్సయితే మాత్రం నేల కాదేటి?"

మా ఆయనా నేనూ ఆఖరుగా అనుకున్న మాటలు ఇవే. ఆస్పత్రిలో ఆయన డయాలసిస్ మంచం మీద, నేను పక్కన స్టూలు మీద, ఆ పిల్ల నేల తుడుస్తూ. ఆ తరవాత అటు తిరిగి పడుకున్నాడు, మరి పలకలేదు. ఇన్నేళ్ళు కాపరం చేసినోళ్ళు పోయేముందు ఇంకేటైనా చెప్పుకుంటారేమో నాకు తెలీదు. మేం నేల గురించి చెప్పుకున్నాం. (నేను "సెప్పినాను" అంటే మా కోడలు "చెప్పాను" అని రాస్తోంది. రాసుకోనీ. మాట నాదైతే చాలు.)

ఇది ఎందుకు రాయిస్తున్నానంటే, ఆయన పోయి ఏడాది కావస్తున్నా మా చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన పేరు బొబ్బల మేస్త్రే. పదోరోజు భోజనాల్లో కూడా ఎవరో ఆ పేరు తలుచుకుని నవ్వారు. నేను పప్పు వడ్డిస్తూ నవ్వాను. నిజానికి ఆ పేరు నాది. ఆయన మోసాడు. నాకు సంతకం వరకే వచ్చు గనక, ఆ లెక్క సరిచెయ్యడానికి కోడల్ని కూర్చోబెట్టాను.

ఆ రోజుల్లో నేల గురించి ఎవరూ బెంగపెట్టుకునేవారు కాదు. మట్టి నేలైతే అలికేవాళ్ళం, గచ్చయితే కడిగేవాళ్ళం. నేలకి కూడా మనసుంటుందనీ, దానికి కోపం రాకుండా మసులుకోవాలనీ మా ఉద్దానంలో ఎవరికి తెలుసు? నేను పెళ్ళయిన కొత్తలో పలాసలో ఒక సావుకారు ఫ్యాక్టరీలో జీడి పిక్కలు కొట్టేదాన్ని. మా అమ్మా అక్కడే. పిక్క తొక్కలోని జీడి అంటితే చర్మం కాలినట్టు పొంగుతుంది. నాకూ మొదట్లో బొబ్బలెక్కేవి, తరవాత చేతులకే విసుగొచ్చి మానేశాయి. ఆ సావుకారు ఏదో చలి ఊరికి షికారు పోయి, అక్కడ బంగళాలో కర్ర నేల చూసొచ్చాడు. మేడ మీద హాలుకి అలాంటిదే కావాలన్నాడు. పలాసలో అప్పటికి అలాంటిది వేసినోళ్ళెవరూ మాకు తెలీదు. మా ఆయన నేనేస్తానన్నాడు. (అప్పటిదాకా ఆయన చేసింది తలుపులూ మంచాలూ. "నేలంటే పడుకోబెట్టిన తలుపే గదే" అన్నాడు నాతో.)

రెండు నెలలు పట్టింది. టేకు పలకలు సందు లేకుండా కూర్చాడు. దాన్ని చూసుకునే పని సావుకారమ్మ నాకప్పగించింది. మా ఆయన పాఠం చెప్పాడు: నీళ్ళు పొయ్యకు, పినాయిలు ముట్టకు, ఈనెల చీపురు గీరేస్తుంది వద్దు, మెత్తని పొడిగుడ్డతో పలక పొడుగునా తుడు, అడ్డంగా తుడవకు. నన్నెవరూ అంత జాగ్రత్తగా చూసుకోలేదు, మా ఆయనతో సహా. ఇంతలో సావుకారు బావమరిది, టెక్కలాయన, ఇల్లు కడుతున్నాడనీ, సావుకారింట్లో జరగబోయే వ్రతానికొచ్చినప్పుడు ఈ నేల చూసి నచ్చితే ఇల్లంతా మా ఆయన చేతే వేయిస్తాడనీ తెలిసింది. ఆ పని దొరికితే మా ఆయన ఇక మంచాలు చెయ్యక్కర్లేదు, నేలల మేస్త్రి అయిపోయినట్టే.

వ్రతానికి నాలుగు రోజులుందనగా మా ఆయన కోటబొమ్మాళిలో గుమ్మాలు బిగించడానికి వెళ్ళాడు. ఆ సాయంత్రమే తొలకరి పడింది. పొద్దున్న హాలు నిండా పురుగుల రెక్కలు, గుమ్మం మూల ఒక చెదపురుగు. ఒక్కటే. నాకు మాత్రం అది టెక్కలాయన ఇల్లంతా నమిలేస్తున్నట్టు కనపడింది. మా కన్నోరిది సముద్రం పక్క ఊరు. అక్కడ పడవలకి జీడితొక్కల నూనె పూస్తారు, చెద దగ్గరికి రాదు. మా నాన్న ఇంటి దూలాలకీ అదే పూశాడు, ఇప్పటికీ చెక్కు చెదరలేదు. (దూలాల మీద ఎవరూ కూచోరని నాకప్పుడు తట్టలేదు.) ఫ్యాక్టరీ నుంచి ఆ నూనె డబ్బాడు తెచ్చి, కాస్త కిరసనాయిలు కలిపి, హాలంతా పూసీసాను. రెండు రోజులకి ఆరినట్టే ఉంది. నేల నల్లగా నిగనిగలాడింది. సావుకారమ్మ చూసి, "ఓలమ్మ, మొకం కనపడతంది గదే" అని మురిసిపోయి, నేల అందం పోతుందని చాపలు కూడా వెయ్యనివ్వలేదు.

వ్రతం బాగా జరిగింది. పంతులుగారు పీట మీద కూచున్నారు, ఆయన అదృష్టం. మిగతా అందరూ చెప్పులు కింద విడిచి నేల మీదే. టెక్కలాయన నేలని అరచేత్తో నిమిరి నిమిరి చూశాడు. "బావా, మా ఇంటికీ ఈ మేస్త్రే" అన్నాడు. నేను మెట్ల దగ్గర నిలబడి విన్నాను. భోజనమయ్యాక ఉక్కగా ఉందని చొక్కా విప్పి, ఆ చల్లని కర్ర మీద వెల్లకిలా పడుకుని గంటసేపు గుర్రు పెట్టాడు.

రెండో రోజుకి బొబ్బలు లేచాయి. అరికాళ్ళు కొందరికి, కూచునే చోటు ఎక్కువమందికి. టెక్కలాయన వీపు మీద పలకలు లెక్కెట్టొచ్చని కబురొచ్చింది. డాక్టరు చూసి, "జీడి ఎక్కడ తగిలిందండీ?" అని అడిగితే సావుకారు మండిపడ్డాడట. "నాకు జీడేటి? నేను సావుకారుని." ఇరవై ఏళ్ళుగా జీడి వ్యాపారం చేస్తూ ఆయన దాన్ని ముట్టుకున్నది అదే మొదలు.

కోటబొమ్మాళి నుంచి మా ఆయన్ని పిలిపించారు. వచ్చి, వంగి నేల వాసన చూశాడు. తరవాత నా చేతులకేసి చూశాడు. సావుకారు కూచోలేక నిలబడే అరిచాడు.

"ఎవడ్రా ఇది పూసినోడు?"

నేను నోరు తెరిచేలోగా మా ఆయన అన్నాడు, "నానే బాబూ. సెదకి మంచిదని."

ఇంటికొచ్చాక ఎందుకలగన్నావని ఏడ్చాను. "నువ్వని తెలిస్తే నీకూ మీయమ్మకీ ఫ్యాక్టరీ పని పోద్ది. నాకేటి, ఇంకో నేల దొరుకుద్ది" అన్నాడు. దొరకలేదు. ఆ నేలనే మళ్ళీ చిత్రిక పట్టి ఇచ్చాడు. ఆ పొట్టు ఎగిరి మొహమంతా వాచి, కళ్ళు మూసుకుపోయాయి. మూడు రోజులు నేనే అన్నం తినిపించాను. మూడో రోజు, ఇంకా కళ్ళు తెరవకుండానే, అడిగాడు.

"పలక పొడుగునా పూసినావా, అడ్డంగానా?"

"పొడుగునే మావా."

"అయితే పర్నేదు. ఎక్కడా మచ్చ నేకుండా పూసినావు."

ఆ తరవాత ఆయన బతికినన్నాళ్ళూ మంచాలే చేశాడు. ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు. అప్పటి నన్ను, ఆ పంతొమ్మిదేళ్ళ గుంటని తలుచుకుంటే నవ్వొస్తుంది. చీర ఎగ్గట్టి, మోకాళ్ళ మీద వెనక్కి వెనక్కి జరుగుతూ, మొగుణ్ణి పెద్ద మేస్త్రిని చేసేస్తున్నానని ఎంత మురిసిపోతూ పూసిందో. ఎవరైనా ఆపితే బాగుండును. ఆపినా ఆగేది కాదు.

ఇక్కడికొచ్చేసరికి మా కోడలు పెన్ను ఆపీసింది. "అత్తా, ఎవరో పూసీసినారని రాత్తే సరిపోద్ది గదా. మన పరువు మనమే తీసుకోడం ఏల?" అంటోంది.

ఎవరో కాదమ్మీ. నానే. మేస్త్రి పెళ్ళామే పూసింది, అప్పుడు మేస్త్రి ఊళ్ళో కూడా నేడు. అలగే రాయి. రాసినావా? ఏదీ, ఆ ముక్క ఓపాలి నాకు సదివి ఇనిపించు.