పిరికి తల్లి పిల్ల

డెబ్బైల చివర్లో విశాఖలో ఒక పరిశోధనశాల కోతుల గదిలో ఆయాగా పనిచేశాను. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎక్కువ మంట నా మీదే.

అక్కడ ఒక ఆడకోతి తలుపు చప్పుడైతే చాలు, మూలకు నక్కేది. దాని పిల్లను పుట్టిన రోజే తీసి, ధైర్యం గల ఇంకో తల్లికి ఇచ్చారు. ఆ తల్లి సొంత బిడ్డలాగే పెంచింది. పిల్ల ఎదిగాక, దాని భయం ఎంతో చూడ్డానికి ఒక కొత్తమనిషిని బోను ముందు పక్కకు తిరిగి నిలబడమనేవారు. నేను రోజూ తిండి పెట్టేదాన్ని కనక దానికి పనికిరాను. పిల్ల అచ్చం కన్నతల్లిలాగే బిగుసుకుపోయేది.

"భయం కొంత రక్తంలోనే వస్తుందమ్మా" అన్నారు ఆ పరిశోధన చేసే డాక్టరుగారు.

నా నోరు ఊరుకుంటుందా! ఇంటికెళ్లి వింతగా చెప్పేశాను.

మా అమ్మాయి అప్పుడు ఒకటో తరగతి. కొత్తవాళ్లు పలకరిస్తే నా కొంగులో దూరేది, బడి గుమ్మంలో ఏడ్చేది. పోర్టులో కళాసీగా చేసే మా ఆయనకు నా మాట భలే అందివచ్చింది.

"మీ డాక్టరే సెప్పాడు గదేటి! నీ పిరికి రగతవే దానికీ వొచ్చింది. ఇంక బడెందుకు? పేరు కొట్టించేత్తాను."

నా వేలితో నా కంట్లోనే పొడిచాడు.

మర్నాడు డాక్టరుగారి మీద విరుచుకుపడ్డాను. "రగతంలో ఉంటే ఇంక మారదా బాబూ? ఏటీ మాట?"

ఆయన తెల్లబోయారు. "మారదని ఎవరన్నారు? కొంత అన్నాను. కొత్తమనిషి ఎదుటే ఉన్నా, ఆ పిల్ల ఇప్పుడు వణుకుతూనే చెయ్యి చాపి నీ దగ్గర శనగలు తీసుకోవడం లేదూ?"

తీసుకుంటోంది. వారం రోజులుగా నేనే చూస్తున్నాను. ఆ ముక్క ఇంట్లో చెప్పడానికి నాకేం రోగం!

సాయంత్రం అన్నం తింటూ మా ఆయన మళ్లీ "పిరికి రగతం" అన్నాడు. గరిటె కింద పడేశాను.

"అవును, నా రగతవే! కోతులంటే నాకు సచ్చేంత బయం. అయినా రోజూ ఆ గది తలుపు తీసి ఒక్కదాన్నే లోపలికెల్తన్నాను. ఆ రగతవే దానికీ ఉంది. పేరు కొట్టించు, నానూ సూత్తాను!"

మర్నాడు పొద్దున్నే పిల్లను బడికి తీసుకెళ్లి గుమ్మంలో చెయ్యి వదిలేశాను. అది ఏడుస్తూనే లోపలికి వెళ్లి కూర్చుంది.