తడి పాలిష్ మీద బొటనవేలు

మా ఆయన ఫర్నిచర్ షాపులో పాలిష్ పనివాడు. పనిలో వంక పెట్టడానికి లేదు. ఉన్నదొక్కటే జబ్బు, ఆగలేడు. ఆరిందో లేదో అని బొటనవేలితో నొక్కి చూస్తాడు. ఆరి ఉండదు. ముద్ర పడుతుంది. ఊళ్లో ఎన్ని బల్లల మీద ఆ వేలు ఉందో దేవుడికే ఎరుక! మేం పడుకునే మంచానికీ ఉంది.

సిగరెట్ల సంగతీ అంతే. దగ్గు ముదిరితే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. "ఇప్పుడు మానేస్తే పదేళ్లకి ఊపిరితిత్తులు బాగా తేరుకుంటాయి" అన్నాడాయన. "పదేళ్లా? ఈ సాయంత్రానికి ఏమన్నా తేడా తెలుస్తుందా డాక్టరుగారూ?" అని అడిగాడు మా మహానుభావుడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి పోరగా పోరగా, "నీ మీద ఒట్టు, ఇక ముట్టను" అన్నాడు.

మూడో రోజున పెద్ద భోజనాల బల్ల ఒకటి చివరి పూతకు వచ్చింది. అంతకుముందే రెండు బల్లలు ముద్రలతో వెనక్కి వచ్చాయి. "ఈసారి వేలు కనబడిందా, రేపట్నుంచి రావొద్దు" అని ఓనరు తేల్చి చెప్పేశాడు.

నేను అదే షాపులో సోఫా కవర్లు కుడతాను. నా మిషను దగ్గర్నుంచి పాలిష్ షెడ్డు కనిపిస్తుంది. పదింటికి పూత పూర్తయింది. నాలుగింటి దాకా ముట్టుకోకూడదు. పావుగంటకే ఆయన బల్ల చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టాడు. చేతులు జేబుల్లో పెట్టాడు, తీశాడు, గోళ్లు కొరికాడు. ఇక్కడ నా కుట్టు వంకర పోతోంది.

"బయటికి పోయి కూర్చోవచ్చు కదా!" అని అరిచాను.

"కూర్చుని ఏం చెయ్యను? చేతికేదో ఒకటి ఉండాలి కదే!"

పన్నెండింటికి బొటనవేలు లేచింది. ఒక్క పరుగున వెళ్లి మణికట్టు పట్టుకున్నాను. వేలు ఇంకా బల్ల వైపే లాగుతోంది.

"నా వల్ల కావట్లేదే. ఈ చెయ్యి నా మాట వినట్లేదు" అన్నాడు.

ఆ ముఖం చూస్తే ఏడుపొచ్చింది. ఈ పని పోతే, ఈ వయసులో, ఈ వేలికి ఇంకెవరు పనిస్తారు?

చెయ్యి వదలకుండా వీధిలోకి లాక్కెళ్లాను. మూల కొట్లో సిగరెట్ పెట్టె కొన్నాను. పదకొండేళ్లుగా ఆ పెట్టెల్ని చెత్తబుట్టలో పారేసినదాన్ని, నేనే అగ్గిపుల్ల గీశాను.

"మరి ఒట్టు?" అన్నాడు, అప్పటికే నోట్లో పెట్టుకుని.

"నోర్మూసుకుని కాల్చు. నాలుగింటి దాకా లోపలికి రాకు."

ఏడు కాల్చాడు, ఏడూ నేనే వెళ్లి వెలిగించాను. బల్ల అద్దంలా వచ్చింది. ఓనరు వంగి వంగి చూసి "శభాష్" అన్నాడు. మా ఆయన నా వంక చూసి నవ్వబోయి దగ్గు అందుకున్నాడు. అది చాలాసేపు ఆగలేదు. డాక్టరు చెప్పిన పదేళ్ల మాట నాకప్పుడు గానీ గుర్తు రాలేదు. అగ్గిపెట్టె ఇంకా నా చేతిలోనే ఉంది.