ఎన్ని కుట్టమంటావు?

పని పట్టుకొచ్చిన వాళ్ళను ట్వెట్ అక్క రెండే ప్రశ్నలు అడుగుతుంది. ఎన్ని? ఎప్పటికి? మూడో మాట ఆవిడ నోట రావడం ఈ పదకొండేళ్ళలో నేను విన్నది తక్కువ.

వియత్నాం నుంచి ఈ దేశానికి పడవలో వచ్చేటప్పటికి ఆవిడకు పద్నాలుగేళ్ళట. ఇప్పుడు యాభై ఎనిమిది. మా ఊళ్ళో బేకరీ పక్క సందులో కుట్టు దుకాణం. గొర్రెల కాపర్ల ప్యాంట్లకు జిప్పులు వేస్తుంది, పెళ్ళికూతుళ్ళ గౌన్లు వదులు చేస్తుంది. గురువారం సాయంత్రం ప్రాక్టీసయ్యాక ఫుట్‌బాల్ క్లబ్బు వాళ్ళు చిరిగిన జెర్సీలు సంచిలో కుక్కి ఆవిడ గుమ్మంలో పడేసి పోతారు. శనివారం పొద్దున్నకల్లా అవి ఉతికించుకుని, అతుకులు వేయించుకుని, నంబర్ల వరసలో కొక్కేలకు వేలాడుతుంటాయి. పందొమ్మిదేళ్ళుగా ఇదే వరస, అదీ ఊరికే. క్లబ్బులో మాత్రం ఆవిడ పేరు సూజీ. ఆ పేరు ఎవరు పెట్టారో ఆవిడకే తెలియదు.

నేను రోవెనాను. ఫిలిప్పీన్స్ నుంచి నర్సు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే పాతుకుపోయాను. శనివారాలు మ్యాచ్ దగ్గర క్యాంటీన్‌లో సాసేజ్‌లు కాలుస్తాను.

కిందటేడు జూన్‌లో మా క్లబ్బు మనిషే ఒకడు మైదానం కంచె మీదికి వంగి, ఆడుతున్న మా గరాంగ్‌ను చూసి కోతి కూతలు కూశాడు. గరాంగ్ అమ్మా నాన్నా సూడాన్ నుంచి వచ్చినవాళ్ళు, అతను ఇక్కడే పుట్టాడు. మా అధ్యక్షుడు ట్రెవర్ అక్కడికక్కడే ఆట ఆపించి, ఆ మనిషిని జన్మలో మళ్ళీ గేటు దాటొద్దని బయటికి పంపాడు. సోమవారం ట్వెట్ అక్క దుకాణానికొచ్చి, గరాంగ్‌కు తోడుగా అందరూ జబ్బకు కట్టుకోవడానికి నల్ల పట్టీలు కావాలన్నాడు.

"ఎన్ని? ఎప్పటికి?"

"నూట ఇరవై. శనివారానికి."

కుట్టింది. ఆటగాళ్ళు, అమ్మలు, క్యాంటీన్ వాళ్ళం, అందరం కట్టుకున్నాం. మైకులో మాట్లాడుతూ ట్రెవర్ ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను. అది మంచి పనే, కాదనను.

ఈ జూలైలో ఒక శనివారం రాత్రి క్లబ్బు వందేళ్ళ విందు జరిగింది. ఆ రోజు ట్వెట్ అక్కకు జీవిత సభ్యత్వం ఇస్తామన్నారు. హాల్లో గోడకున్న చెక్క పలక మీద బంగారు అక్షరాలతో పేరెక్కుతుంది. సూజీ కాదు, అసలు పేరు. వాళ్ళ భాషలో అక్షరాల పైనా కిందా వచ్చే గుర్తులన్నీ తప్పు పోకుండా కాగితం మీద పెద్దగా రాసి, వారం ముందే రంగులేసే అతనికి ఇచ్చొచ్చింది. నాకు నాలుగుసార్లు చూపించింది. ఆవిడ అంత ముచ్చటపడటం నేనెప్పుడూ చూడలేదు. తన పెళ్ళినాటి నీలం పట్టు బట్టలు నడుము దగ్గర వదులు చేసుకుని, అవే వేసుకొచ్చింది.

ఆవిడను పిలవడానికి కోచ్ డారెన్ వేదికెక్కాడు. నెత్తిన కోసుగా ఉన్న గడ్డి టోపీ, నోట్లో ప్లాస్టిక్ ఎత్తుపళ్ళు. రెండు వేళ్ళతో కళ్ళు పక్కకి లాగి, చింగ్ చాంగ్ అంటూ ఏదో కూసి, "సూజీ వచ్చె! జిప్పు కుట్టె! మీ కుక్కల్ని దాచుకోండి, వండుకు తినేస్తుంది!" అన్నాడు.

హాలంతా గొల్లుమంది. నిరుడు నల్ల పట్టీలు కట్టుకున్న చేతులే బల్లలు చరిచాయి. గరాంగ్ కంచంలోకి చూస్తూ కూర్చున్నాడు. నేనేం చేశానో ఆఖర్న చెబుతాను, ఇప్పుడు నోరు రావడం లేదు. ట్వెట్ అక్క నవ్వుతూ వేదికెక్కింది, తల వంచింది, జ్ఞాపికను రెండు చేతులతో అందుకుంది, నవ్వుతూనే దిగింది.

ఎవరో వీడియో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టారు. అది చూసి పోటీలు నడిపే లీగ్ వాళ్ళు క్లబ్బును సంజాయిషీ అడిగారు. మంగళవారం నేను నా యూనిఫారం కోసం దుకాణంలో ఉండగా ట్రెవర్ ఒక కాగితం పట్టుకొచ్చాడు.

"సూజీ, ఒక్క సంతకం పెట్టు. నువ్వేం నొచ్చుకోలేదని, అంతే. లేకపోతే డారెన్‌ని సీజనంతా పక్కన పెడతారట. పాపం, వాడి ఉద్దేశం అది కాదు. ఈ గొడవ తేలేదాకా పలక మీద పేరు కూడా ఆపమన్నారు మావాళ్ళు."

నాకు ఒళ్ళు మండింది. "కిందటేడు ఆ కంచె దగ్గరివాడి ఉద్దేశం ఏమిటని అడిగావా, ట్రెవర్?"

"అది వేరు, ఇది వేరు రోవెనా. అది అవమానం, ఇది సరదా. గరాంగ్ ఏడ్చాడు, సూజీ నవ్వింది. వీడియోలో చూడు, ఎంచక్కా నవ్వుతోంది."

"సిగ్గుతో చచ్చిపోతున్నా ఆవిడ నవ్వుతుంది. మొగుడు పోయిన రోజు నువ్వే పూలు తెచ్చావు కదా, అప్పుడు ఎలా తలుపు తీసింది? నవ్వుతూనే కదా?"

ట్రెవర్ కాగితాన్ని బల్ల అంచున పెట్టాడు. "మీవాళ్ళు ఇలాంటివి పట్టించుకోరని... మీరు గట్టివాళ్ళని..." అన్నాడు.

మెచ్చుకోలుగానే అన్నాడు! గరాంగ్ కోసం మా ముందు ఏడ్చిన మనిషే ఈయన.

ట్వెట్ అక్క మిషను ఆపింది. అటక మీంచి నల్ల బట్ట చుట్ట దించి, బల్ల మీద పరిచి, కత్తెర తీసుకుంది.

"ఎన్ని కుట్టమంటావు, ట్రెవర్?"

"ఏమిటవి?"

"పట్టీలు. ఈసారి నాకోసం కట్టుకునే వాళ్ళకి. శనివారానికి అందిస్తాను. ఎన్ని?"

ట్రెవర్ చెవులదాకా ఎర్రబడ్డాడు. ఒక్కొక్క మొహమే తలుచుకుంటున్నట్టు కాసేపు ఆ బట్టకేసి చూశాడు. ఒక్క అంకె కూడా చెప్పలేకపోయాడు. కాగితం బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయాడు.

"నాకొకటి కుట్టక్కా," అన్నాను.

ఆవిడ నాకేసి తిరిగి నవ్వింది. వేదిక మీద నవ్విన నవ్వే.

"నువ్వూ నవ్వావు కదే, రోవెనా. బల్ల చరిచి మరీ నవ్వావు. వేదిక పైనుంచి అంతా కనిపిస్తుంది."

నిజమే. ఆ టోపీ నా నెత్తిన పెట్టలేదు కదా అన్న ధీమాతో అందరికంటే ముందు నవ్విందాన్ని నేనే. ఆవిడ చూడలేదనుకుని, మూడు రోజులుగా ఆవిడ పక్కనే తిరుగుతున్నాను.

"చెయ్యి చాపు," అంది.

జబ్బ చుట్టూ టేపు వేసి కొలిచింది. ట్రెవర్ వదిలేసిన కాగితం తిరగేసి, దాని వెనక నా కొలత రాసుకుంది. కొలిచినంతసేపూ ఆవిడ నవ్వలేదు.